ముందు పొగకు దారి, ఆ తరువాతే పొయ్యి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు కొత్తగా కట్టుకున్న ఇళ్లలో చాలావాటికి పొగగొట్టం లేదు. వంటకు గ్యాసు, స్నానానికి గీజరు వచ్చాక దాని అవసరం ఎవరికీ తోచలేదు. ముప్పై నలభై సైటులో హాలు, రెండు గదులు, మాడ్యులర్ వంటిల్లు, మెట్ల కింద బాత్‌రూము పట్టాయి. పొయ్యికి చోటు పట్టలేదు. ఇల్లు చేరిన కొన్నేళ్లకు అదే ఇంట్లో కట్టెల పొయ్యి మాట మళ్లీ వస్తుంది. గ్యాసు మీద కెలికిన సంగటి అవ్వకు సంగటిలా ఉండదు. ఇంటిల్లిపాదికీ ఉడుకు నీళ్లు కావాలంటే కరెంటు బిల్లు భయపెడుతుంది. తోటలో మామిడి కొమ్మలూ మల్బరీ కట్టే ఊరకే పడి ఉంటాయి. డిసెంబరు తెల్లవారుజామున నంది కొండ దిక్కునుంచి చలి దిగితే మంట దగ్గర కూర్చోవాలనిపిస్తుంది.

ఈ కోరికలన్నీ న్యాయమైనవే. వాటిని తీర్చుకునే క్రమం గురించే ఈ అధ్యాయం. పొయ్యి కొనడానికి బయల్దేరే ముందు ఒక కాగితం తీసుకుని మూడు సంగతులు గీయండి. పొగ ఏ గోడలోంచి, లేదా ఏ కప్పులోంచి బయటికి పోతుంది? ఎంత ఎత్తున గాలిలో కలుస్తుంది? పోయిన గాలికి బదులు గదిలోకి కొత్త గాలి ఎటునుంచి వస్తుంది? ఈ మూడూ గీయగలిగితే పొయ్యి పెట్టుకోవచ్చు. ఏ ఒక్కటి గీయలేకపోయినా దాన్ని ఇంటి బయటే ఉంచండి.

పాత ఇల్లు చేసిన పని

పాత మట్టి మిద్దెలకు పొయ్యి నెత్తిన గవాచి ఉండేది. పగలు వెలుగూ రోజంతా పొగా దానిలోంచే రాకపోకలు. వానొస్తే దాని మీద పెంకో బండో మూసేవారు. నాటు పెంకుల ఇంట్లో అయితే పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లోంచి పొగ జారిపోయేది. పొయ్యి వాసాల కింద ఎక్కడున్నా ఇల్లు కొంత ఊపిరి పీల్చుకునేది. అలాగని ఆ వంటిళ్లు ఆరోగ్యంగా ఉండేవని చెప్పను. గోడలు నల్లబడేవి, పొయ్యి ఊదే అమ్మల కళ్లు ఎర్రబడేవి, దగ్గు ఏడాదంతా ఉండేది. గాలిలోని సన్న ధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఘనపు మీటరుకు రోజు సగటున 15 మైక్రోగ్రాములు. గొట్టం లేని కట్టెల పొయ్యి వెలిగిన వంటింట్లో అది వందల్లోకి వెళుతుంది, మంట సరిగా లేనప్పుడు వేలను కూడా తాకుతుంది.

ఆర్‌సీసీ స్లాబు ఆ సందులన్నిటినీ మూసేసింది. కిటికీలకు అద్దాలు, దోమల మెష్ వచ్చాయి. వెంటిలేటర్ల చోట ఏసీ పెట్టారు. ఈ గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని పడుకుంటే ప్రాణమే పోతుంది. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పొగ కనబడనంత మాత్రాన అది లేదనుకోకూడదు. ఎర్రగా కాలే బొగ్గు పొగ లేకుండానే దాన్ని పుట్టిస్తుంది. పొగ రాని పొయ్యి అని చెప్పి అమ్మేవాటికి కూడా ఇదే వర్తిస్తుంది. ఎత్తి పెట్టుకునే కట్టెల పొయ్యిలకు బీఐఎస్ వారి ఐఎస్ 13152 ప్రమాణం ఉంది. 2013లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం ఫ్యాను లేని పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతం, ఫ్యాను ఉన్నది 35 శాతం గిన్నెకు చేర్చాలి. ఆ గుర్తు ఉన్న పొయ్యి మంచిదే, కొనండి. కానీ దాన్ని వాడే చోటు వసారా, పెరడు. గొట్టం లేకుండా మూసిన గదిలో దానికి కూడా చోటు లేదు.

పొయ్యిలు మిగిలాయి, గొట్టాలు పూడాయి

పొగకు దారి చూపే ప్రయత్నం మన దగ్గర కొత్తది కాదు. 1953 నాటికే హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే గొట్టమున్న పొయ్యి రూపొందించి, ఎవరింట్లో వాళ్లు కట్టుకునేలా దాని కొలతలను జనంలోకి తెచ్చారు. మీకు పక్కనే ఉన్న బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో అమూల్య రెడ్డి గారు మొదలుపెట్టిన ‘అస్త్ర’ విభాగం నుంచి అస్త్ర ఒలె వచ్చింది. మూడు గిన్నెలు పట్టే మూసిన పొయ్యి అది. కట్టెలు పెట్టే నోటికి తలుపు, కింద బూడిద రాలే జాలి, వెనక పొగగొట్టం. మూడు రాళ్ల పొయ్యి కట్టెలోని వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు ఇస్తే, ఇలాంటి పొయ్యి దానికి రెట్టింపు పైనే ఇవ్వగలదని తేలింది. 1980లలో మొదలై 2002లో ఆగిపోయిన కేంద్ర ప్రభుత్వ మెరుగుపరచిన పొయ్యిల పథకం దేశమంతటా 3 కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్క చూపింది. వాటిలో చాలావాటిని జనం వదిలేశారు. లెక్కలో పెట్టిన పొయ్యిలు ఉన్నాయి గాని, గొట్టంలో మసి ఎవరు తీయాలో, పగిలిన గొట్టం ఎవరు మార్చాలో ఎక్కడా రాసి లేదు. గిన్నె పొయ్యి గుంటలో సరిగా కూర్చోక సందుల్లోంచి పొగ గదిలోకే వచ్చేది. చివరికి వంట చేసే ఆవిడ గుంటను పెద్దది చేసుకునేది, లేదా పక్కన మళ్లీ మూడు రాళ్లు పెట్టుకునేది.

బాగేపల్లి మరో దారి పట్టింది. అక్కడి కూలీ సంఘం, అడాట్స్ సంస్థ కలిసి కూలీ కుటుంబాలకు 5,500 గోబర్ గ్యాసు తొట్ల పథకం తయారు చేశాయి. ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద ఆ పథకం 2005లో నమోదయింది. రోజూ వంటకు కట్టెలు ఏరడం, పొగ మింగడం తప్పించడానికి అది మంచి మార్గం. మీకు రెండు మూడు పశువులుండి, రోజువారీ వంటకే ఇంధనం కావాలనుకుంటే, కట్టెల పొయ్యి ఆలోచన పక్కన పెట్టి ముందు గోబర్ గ్యాసు చూడమనే నా సలహా.

ఎందుకు కావాలో తేల్చుకోండి

పనిని బట్టి పొయ్యి, పొయ్యిని బట్టి చోటు మారుతాయి. ఈ ఒక్క మాట తేల్చుకోకుండా కొన్న పొయ్యి ఆరు నెలల్లో మెట్ల కింద చేరుతుంది.

చలికి మాత్రమే అయితే ఇనుప పొయ్యి పెట్టించుకోవద్దని ధైర్యంగా చెబుతాను. చిక్కబళ్ళాపురం 900 మీటర్ల ఎత్తున ఉన్న మాట నిజమే. అయినా గది వేడి చేసుకోవలసిన రోజులు ఏడాదిలో కొన్ని వారాలే. కిలో ఎండు కట్టెలో దాదాపు 4 యూనిట్ల కరెంటుకు సాటి వచ్చే వేడి ఉంటుంది. ఇక్కడి మామూలు పడకగది వెచ్చబడడానికి 2000 వాట్ల హీటరు సరిపోతుంది. విదేశీ పద్ధతిలో చేసిన పోత ఇనుము పొయ్యిలు 5,000 వాట్లు, ఆపైనే ఇస్తాయి. గది ఉడికిపోతుందని మీరు గాలి రంధ్రం బిగిస్తారు. మంట ఊపిరాడక పొగగా మారి గొట్టంలో తారు కడుతుంది. ఆ తారుకు ఏదో ఒక రోజు నిప్పంటుకుంటుంది. నాలుగు వారాల చలికి ఇంత ముప్పు తెచ్చుకోనక్కర్లేదు.

ఉడుకు నీళ్లకైతే కట్టెల పొయ్యి నిజంగా లాభమే. లెక్క చూడండి. అయిదుగురికి మొత్తం 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించడానికి దాదాపు 3 యూనిట్ల వేడి కావాలి. వేడిలో 30 శాతం నీటికి ఇచ్చే పొయ్యిలో దానికి రెండున్నర కిలోల లోపు కట్టె చాలు. మూడు రాళ్ల మీద హండా పెడితే ఆరు కిలోలు పోతుంది. కానీ ఈ పనికి పొయ్యి ఇంట్లో ఎందుకు? మధ్యలో గొట్టమున్న రాగి బాయిలరును పెరట్లో, రేకుల కింద పెట్టి, నీళ్లను పైపులో బాత్‌రూముకు తెచ్చుకోవచ్చు. పెరడు లేని సైటులో మిద్దె మీద, ట్యాంకుకు దూరంగా కూడా నడుస్తుంది. బాత్‌రూము లోపల మాత్రం బాయిలరు వెలిగించకండి. ఇంట్లోకెల్లా చిన్న గది, గాలి తక్కువ గది అదే.

ఇక వంట. సంగటికి, పండగ వంటకు, నలుగురు చేరినప్పుడు పెద్ద గిన్నెలకు కట్టెల పొయ్యి కావాలంటే ఆ కోరికను నేను గౌరవిస్తాను. అయితే నిర్ణయం ఆ పొయ్యి ముందు కూర్చునేవాళ్లది కావాలి. అమ్మను గాని, అత్తను గాని, వండే వాళ్లెవరైనా సరే, ముందు అడగండి. ఏ గిన్నెలు వాడతారు? అడుగు గుండ్రమా, బల్లపరుపా? కూర్చుని వండుతారా, నిలబడా? మోకాళ్ల నొప్పులున్నాయా? సంగటి కెలికేటప్పుడు కట్టె మీద ఒంటి బరువంతా పడుతుంది. రేకుతో చేసిన తేలిక పొయ్యి ఆ తోపుకు కదులుతుంది, గిన్నె ఒరుగుతుంది. కాబట్టి పొయ్యి బరువుగా, నేలకు బిగించినట్టు, మోకాలి ఎత్తుకు మించకుండా ఉండాలి. పై రేకు గుంటకు ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు మూడు ఇనుప రింగులు చేయించండి. ఏ గిన్నెకు తగ్గ రింగు ఆ గిన్నెకు వేస్తే సందు మూసుకుంటుంది, పొగ గొట్టంలోకే పోతుంది.

చోటు విషయంలో నా వరుస ఇది: పెరట్లో వేరే కొట్టం అన్నిటికన్నా మేలు, ఆ తరువాత రెండు వైపులా తెరిచి ఉన్న వసారా గాని యుటిలిటీ గాని, ఇవేవీ కుదరనప్పుడే ఇంటి లోపల. లోపల అయినా గ్యాసు బండ ఉన్న గదిలో వద్దు. వంట గ్యాసు గాలి కంటే బరువైనది. లీకయితే నేల వెంట పాకుతుంది. నేల మీద ఉన్న కట్టెల మంట దానికి సరిగ్గా అంది వచ్చే చోట ఉంటుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న మూల కూడా వద్దు.

గొట్టం

పొయ్యి కంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ శ్రద్ధ గొట్టానికే పెట్టండి. పొగను లాగేది అదే. లోపల వేడి గాలి తేలికై పైకి లేస్తుంది, కింద గదిలోని చల్లగాలి దాని వెనక పొయ్యిలోకి వస్తుంది. గొట్టం ఎత్తు రెట్టింపయితే, వేడి అంతే ఉంటే, లాగే బలం కూడా రెట్టింపవుతుంది. అందుకని పొయ్యి పైభాగం నుంచి టోపీ దాకా 15 అడుగులు తగ్గకుండా చూసుకోవాలి. ఒంటి అంతస్తు ఇంట్లో స్లాబు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. పొయ్యి అడుగున్నర. స్లాబు దాటాక మూడు అడుగులు లేపితే లెక్క పదకొండున్నరకే ఆగుతుంది. అంటే మిద్దె మీద ఇంకా మూడున్నర అడుగులు లేపాలి. మనుషులు ఇంతెత్తు గొట్టం బాగుండదని కోసేస్తారు, ఆపైన పొయ్యిని తిట్టుకుంటారు.

ఎత్తుకు ఇంకో కొలత కూడా ఉంది. గొట్టం స్లాబును దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, దాని చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న ఏ కట్టడం కన్నా 2 అడుగులు ఎత్తుండాలి. పిట్టగోడ, మెట్ల హెడ్‌రూము, నీళ్ల ట్యాంకు, పక్కింటి గోడ అన్నీ ఇందులోకి వస్తాయి. హెడ్‌రూము పక్కనే గొట్టం తీస్తే దాని కన్నా ఎత్తు లేపాలి, లేదా 10 అడుగుల అవతలికి జరపాలి. మన సీమలో చలికాలం గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరుగా ఉంటుంది. ఆ దిక్కుల్లో పక్కవాళ్ల రెండంతస్తుల గోడ ఉంటే గాలి దాన్ని ఎక్కి దిగుతూ మీ పొగను తిరిగి గొట్టంలోకి తోస్తుంది. గొట్టం ఏ మూల నుంచి తీయాలో మిద్దె మీదికెక్కి, నాలుగు దిక్కులా చూసి ఖాయం చేసుకోండి. అదే సమయంలో మీ పొగ ఎవరి కిటికీలోకి పోతుందో కూడా కనబడుతుంది. వెల్డింగు పని మొదలుకాక ముందే ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి.

వెడల్పు పొయ్యి తయారుచేసినవారు చెప్పినంతే ఉండాలి. లోపలి పొయ్యిలకు ఎక్కువగా 6 అంగుళాలు వాడతారు, చిన్నవాటికి 4 నుంచి 5. దారిలో ఎక్కడా సన్నబడకూడదు. లంబకోణపు వంపులు రెండుకు మించొద్దు. అడ్డంగా పోయే ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. దాన్ని అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి వాలేలా బిగించాలి.

లోహం విషయంలో గట్టిగా ఉండండి. పీవీసీ మాటే ఎత్తకండి. జీఐ గొట్టం పొయ్యి దగ్గర వద్దు. దాని మీది జింకు పూత 420 డిగ్రీలకు కరుగుతుంది, బాగా వేడెక్కితే వచ్చే ఆవిరి జ్వరం తెస్తుంది. పాత పథకాల్లో వాడిన ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు ఇంకా కొన్ని దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. కోసేటప్పుడు రేగే నార ఊపిరితిత్తులకు విషం, వేడికి పగుళ్లు కూడా వస్తాయి. పొయ్యి నుంచి మొదటి ఆరడుగులు 2 మిల్లీమీటర్ల మందం ఇనుము, ఆపైన స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించండి. బయటి భాగం రెండు పొరలుగా, మధ్యలో రాక్‌వూల్‌తో ఉంటే లోపలి పొగ చల్లబడదు, తారు తక్కువ కడుతుంది. శిడ్లఘట్టలో పట్టు తీసే యూనిట్లకు బాయిలర్లు, గొట్టాలు చేసే పనివాళ్లకు ఈ పని చేతికి అలవాటే. కొత్త షాపు వెతికే బదులు వాళ్లలో ఒకరిని అడగడం నయం.

వాళ్లకు కూడా ఒక సంగతి విడమర్చి చెప్పాలి. పై ముక్క కింది ముక్క మీద తొడిగేలా చేయడం వాళ్లకు అలవాటు. ఇంటి లోపల పొగగొట్టానికి తిరగేసి ఉండాలి. పై ముక్క సన్నని కొస కింది ముక్క లోపలికి దిగాలి. అలా ఉంటే జారిన తారు గొట్టం లోపలే దిగి పొయ్యిలో పడి కాలిపోతుంది. లేకపోతే ప్రతి అతుకు దగ్గరా నల్లటి చారలు గోడ మీద దిగుతాయి. ఒక్కో అతుకుకు మూడు స్క్రూలు వేయించండి. కింద, గొట్టం మలుపు దగ్గర, మూత ఉన్న టీ ముక్క పెట్టించండి. మసి తీసేది దానిలోంచే.

స్లాబును కోయడం

కొత్తగా కడుతున్నవారికి ఇది చాలా సులువు. స్లాబు పోయకముందే, సెంట్రింగు మీద 10 అంగుళాల ఇనుప స్లీవు నిలబెట్టి, దాని చుట్టూ అదనపు రాడ్లు కట్టించండి. తరువాత పొయ్యి పెట్టుకోకపోయినా నష్టం లేదు, మూత వేసుకోవచ్చు.

కట్టేసిన ఇంట్లో అయితే మొదటి ఎంపిక గోడే. గోడలోంచి బయటికి తీసి, బయట గోడ వెంబడి పైకి లేపితే స్లాబు ముట్టుకోనక్కర్లేదు, కప్పు కారదు. రెండంతస్తుల ఇంట్లో కింది గదికి ఇదొక్కటే దారి. స్లాబునే కోయాలంటే ఇంజనీరును పిలవండి. బీము, స్తంభం దరిదాపుల్లో రంధ్రం వేయకూడదు. స్లాబులో రాడ్లు అయిదారు అంగుళాలకు ఒకటి ఉంటాయి కాబట్టి 10 అంగుళాల రంధ్రంలో ఒకటి రెండు తెగుతాయి. తెగినదానికి బదులు ఏం చేయాలో ఆయనే చెప్పాలి. సుత్తి, ఉలితో కొట్టించకండి, స్లాబు అదిరి సన్న చీలికలు పడతాయి. కోర్ కటింగు మిషను తెప్పించండి. ఎలక్ట్రీషియన్ని కూడా రప్పించండి. ఫ్యాన్లకు, లైట్లకు పోయే పీవీసీ పైపులు స్లాబు కడుపులోనే ఉంటాయి, అవి ఎటు పోయాయో ఇల్లు వైరింగు చేసినవాడికే తెలుసు.

6 అంగుళాల గొట్టానికి 10 అంగుళాల రంధ్రం అంటే చుట్టూ 2 అంగుళాల ఖాళీ మిగులుతుంది. అది వృథా కాదు. వేడి గొట్టం కాంక్రీటును, రాడ్లను తాకకూడదు. ఆ ఖాళీలో రాక్‌వూల్ గాని సిరామిక్ ఉన్ని గాని కూరి, పైనా కిందా రేకు పళ్లెంతో మూయాలి. సిమెంటు పూసి బిగించేస్తే గొట్టం వేడికి సాగి ఆ సిమెంటును పగలగొడుతుంది, మొదటి వానకే కప్పు కారుతుంది. మిద్దె మీద రంధ్రం చుట్టూ ఆరు అంగుళాల ఇటుక కట్ట లేపి, వాటర్‌ప్రూఫింగు చేసి, కట్ట మీదికి వాలేలా గొట్టానికి గొడుగులాంటి రేకు బిగించాలి. పైన టోపీ తప్పనిసరి.

ఫాల్స్ సీలింగు ఉన్న గదిలో గొట్టం చుట్టూ పీవీసీ పలకలు, కట్టె చట్రం పూర్తిగా తీసేయాలి. ఒంటి పొర గొట్టానికి 18 అంగుళాల లోపు, పొయ్యికి 3 అడుగుల లోపు ప్లైవుడ్ అల్మారా, కర్టెను, సోఫా ఏదీ ఉండొద్దు. పిల్లలున్న ఇంట్లో గొట్టం చుట్టూ నడుము ఎత్తు దాకా ఇనుప జాలి పెట్టించండి.

పొయ్యి కింద విట్రిఫైడ్ టైల్స్ వేడికి చిట్లుతాయి. రెండు వరసల ఇటుకలు, మధ్యలో గాలాడే సందులు, పైన సాదా బండ వేస్తే సరిపోతుంది. ఇక్కడ గ్రానైటు చవక కాబట్టి మంట మండే అరకు కూడా దాన్నే వాడదామంటారు కొందరు మేస్త్రీలు. ఒప్పుకోవద్దు. పాతరోజుల్లో ఈ ప్రాంతపు రాతిపనివాళ్లు బండ మీద కట్టెల మంట పేర్చి రాతిని పొరలుగా లేపేవారు. అదే పని మీ పొయ్యిలో జరుగుతుంది, చిట్లిన పెచ్చులు ముఖానికి ఎగురుతాయి. మంట అరకు ఫైర్ బ్రిక్స్ మాత్రమే.

గాలి, పరీక్ష

కిలో కట్టె బాగా కాలడానికి దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే చిన్న వంటింట్లో మూడో వంతు గాలి. అది ఎక్కడినుంచో రావాలి. పొయ్యికి దగ్గరగా, నేలకు అడుగు ఎత్తులో, గోడకు నాలుగైదు అంగుళాల రంధ్రం తీసి ఎలుకలు దూరని జాలి బిగించండి. చలిగా ఉందని దాన్ని గుడ్డతో మూసే అలవాటు ఇంట్లో ఎవరికీ రానివ్వకండి.

మాడ్యులర్ వంటింట్లో గ్యాసు పొయ్యి మీద ఉండే కరెంటు చిమ్నీ కట్టెల పొగకు పనికిరాదు. దానిలో పేరుకున్న నూనె జిడ్డుకు నిప్పురవ్వ తగిలితే మంటే, కరెంటు పోతే పొగంతా గదిలోనే. ఇంకో ముప్పు కూడా ఉంది. అది గానీ ఎగ్జాస్టు ఫ్యాను గానీ తిరుగుతుంటే గదిలో గాలి తగ్గి, పొయ్యి గొట్టంలోంచి పొగను వెనక్కి లాగుతుంది. అందుకని మొదటిసారి వెలిగించేముందు ఒక పరీక్ష చేయండి. తలుపులు, కిటికీలు మూసి, ఇంట్లో ఫ్యాన్లన్నీ వేసి, వెలిగించిన అగరబత్తిని పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి. మీ వైపు వస్తే గాలి రంధ్రం చాలలేదన్నమాట. పెద్దది చేసి మళ్లీ చూడండి, అది సరిపడే దాకా కట్టె ముట్టించొద్దు.

అన్నీ సరిగా ఉన్నా చలికాలం పొద్దున్నే తొలి పొగ వెనక్కి తన్నవచ్చు, ముఖ్యంగా గొట్టం గోడ బయట ఉంటే. దాన్లో చల్లగాలి బరువుగా కూర్చుని ఉంటుంది. టీ ముక్క మూత తీసి, లోపల ఒక కాగితం కాల్చి, గొట్టం వెచ్చబడ్డాక పొయ్యి రాజేయండి.

కార్బన్ మోనాక్సైడు అలారం ఒకటి కొనండి. పొయ్యికి అయిదారు అడుగుల దూరంలో, కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో గోడకు పెట్టండి. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే అజీర్తి అనుకోకండి. అందరినీ బయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

కట్టె, మసి, బూడిద

పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చయి, చల్లబడిన పొగ గొట్టం గోడకు తారుగా అంటుకుంటుంది. కట్టెను చీల్చి, కింద రెండు దుంగలు వేసి, గాలాడేలా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పి ఒక వేసవి పూర్తిగా ఎండనివ్వాలి. నీలగిరి లావు మొద్దులకు ఏడాది పడుతుంది. రెండు ముక్కలు తట్టి చూడండి. ఎండినవి ఖణేల్మంటాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. సర్వి, మామిడి, చింత, మల్బరీ, సర్కారు తుమ్మ అన్నీ మంచివే. ద్రాక్షతోట కత్తిరింపులు మాత్రం ఇంటి పొయ్యికి వద్దు, వాటికి పట్టిన మందుల పొగ మీరు పీల్చాల్సి వస్తుంది. రంగేసిన తలుపు ముక్కలు, ప్లైవుడ్, సెంట్రింగు పలకలు, ప్లాస్టిక్ కవర్లు కూడా అంతే. వేరుశనగ పొట్టు పొగ ఎక్కువగా వదులుతుంది, దానికి వేరే తరహా పొయ్యి ఉంది.

మొదటి రెండు నెలలు పదిహేను రోజులకోసారి టీ మూత తీసి టార్చి వేసి చూడండి. గోడకు 3 మిల్లీమీటర్ల మందం పొర కనబడితే తీగ బ్రష్షుతో గీకే సమయం వచ్చినట్టే. పొర ఎంత తొందరగా కడుతుందో తెలిశాక మీ ఇంటి లెక్క మీకే దొరుకుతుంది. ఎలా ఉన్నా దీపావళికి ముందు ఒకసారి టోపీ విప్పి పైనుంచి కిందిదాకా తీయించాల్సిందే. ఆ పని ఎవరిదో పొయ్యి పెట్టిన రోజే ఇంట్లో తేల్చండి. వండేవాళ్ల మీదే దాన్ని కూడా వేయకండి, మిద్దెక్కగలిగిన మగవాళ్లకు అప్పగించండి.

గొట్టంలోంచి రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తే లోపల తారు అంటుకుందని అర్థం. పొయ్యి తలుపు, పొయ్యికున్న గాలి రంధ్రం మూసేసి, అందరూ బయటికొచ్చి 101కి చెప్పండి. నీళ్లు పోయకండి, ఎర్రగా కాలిన ఇనుము పగులుతుంది. అది చల్లారాక గొట్టం మొత్తం విప్పి చూసేదాకా మళ్లీ వెలిగించొద్దు.

బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ బకెట్‌లోకి గాని, మునిసిపాలిటీ చెత్తబండిలోకి గాని వేయకండి. మూత ఉన్న ఇనుప డబ్బాలో, ఇంటి బయట, బండ మీద ఉంచి, నాలుగో రోజు కొబ్బరి చెట్టు పాదులోనో ఆకుకూరల మడిలోనో పలచగా చల్లండి.